మా ఖాలా కూతురు అడగమంది

నిజామాబాద్, వినాయక్‌నగర్
నవంబర్ 29

మాసూమాకు సుమిత్రక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. బోధన్‌కూ నిజామాబాద్‌కూ మధ్య ఉన్న ఈ కాస్త దూరానికి ఫోన్ చేసుకోక రాతలేమిటని మీ ముస్తఫా మళ్లీ నవ్వాడటగా. నాకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయని ఆయనకు చెప్పు. ఫోన్లో నువ్వు "అక్కా, బ్యాగు లీకైంది" అంటావు. నేను "ఏ బాబు లేచాడు?" అంటాను. నువ్వు గొంతు చించుకుని మళ్లీ చెప్తావు. అటు మీ శక్కర్‌నగర్, ఇటు మా గల్లీ, అందరూ మన కడుపుల సంగతి వింటారు. కాగితమైతే అరవదు.

నిన్నటికి సరిగ్గా పదహారేళ్లు, మనం హైదరాబాద్ ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పరిచయమై. ఇద్దరికీ పెద్దపేగు పుండ్లు పడి తీసేశారు. నాకు చిన్నపేగుతోనే కడుపు లోపల ఒక సంచి కుట్టి, దాని మూతికి వాల్వ్ పెట్టి, పొత్తికడుపు మీద చిన్న రంధ్రం వదిలారు. రోజుకు నాలుగుసార్లు ట్యూబు పెట్టి ఖాళీ చేసుకుంటే సరి. పైన దూది ప్యాడు తప్ప ఏమీ ఉండదు. నీకు పేగు కొసను బయటికి తెచ్చి బ్యాగు అతికించారు. ఆ రోజు నుంచీ ఎవరిది మేలని మనకు ఒకటే పంచాయితీ. ఇన్నేళ్లకైనా ఒప్పుకో, నాదే మేలు.

ఎందుకంటే మొన్న లింబాద్రిగుట్ట జాతరకు పోయాం. భీమ్‌గల్ రోడ్డంతా జనమే. అరవై ఒకటో ఏట మెట్లన్నీ ఎక్కాను, చూడు! మా ఆయన రామస్వామి సగం దాకా వచ్చి రొప్పుతుంటే, "కండక్టర్ ఉద్యోగమంతా నిలబడే చేశావు గదా, గిప్పుడేమాయె?" అన్నాను. పైన గాలి, మబ్బులు, కింద పొలాలు. బ్యాగు ఊడుతుందేమోనన్న భయం లేకుండా ఎక్కడమంటే ఏమిటో నీకు తెలియదు పాపం.

అన్నట్టు, నందిపేట బడిలో నాతో పనిచేసిన టీచరు ఒకామె ఉంది. ఆమెకూ నాలాగే లోపలి సంచి. ఈమధ్య అది కారుతోందట. బ్యాగు పెట్టుకున్నవాళ్లు పక్కకు తిరిగి పడుకోవచ్చా, పట్టుచీర కట్టుకుంటే ఎత్తుగా కనపడుతుందా అని అడిగింది. నాకేం తెలుసు, మా మాసూమాను అడిగి చెప్తానన్నాను. తీరికగానే రాయి, తొందరేమీ లేదు. ఈ వారంలో రాస్తే మంచిది.

నీ అక్క
సుమిత్ర

*

బోధన్, శక్కర్‌నగర్
డిసెంబర్ 8

సుమిత్రక్కకు మాసూమా సలాములు.

గుట్ట ఎక్కినందుకు ముబారక్. నీ ఉత్తరం చదివి ముస్తఫాకు వినిపించాను. ఆయన చెరుకు రసం మిషన్ గేర్లు విప్పుకుంటూ, "టీచరమ్మ జబర్దస్త్ మనిషి" అన్నాడు. నా మొహం చూసి మళ్లీ గేర్లలో తల దూర్చాడు.

మీ టీచరుకు చెప్పు. బ్యాగు పెట్టుకుని పక్కకేమిటి, ఎటైనా తిరిగి పడుకోవచ్చు. నేను నవాబు బేగంలాగా నిద్రపోతాను. పట్టుచీర సంగతి నాకు తెలియదు గానీ, కుర్తా కొంచెం వదులుగా కుట్టుకుంటే ఎవరికీ కనపడదు. కుట్టేది నేనే గనుక నాకు ఆ బాధ లేదు.

ఎవరికీ కనపడదన్నాను గదా, ఒక్కరికి మాత్రం కనపడింది. అది చెప్తే నువ్వు నవ్వి నవ్వి పడిపోతావు. మార్కెట్లో కూరగాయలమ్మే రుక్మాబాయి లేదూ, మహారాష్ట్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది? పోయిన శుక్రవారం ఒక దావత్‌లో గోబీ పకోడీ తిన్నాను. నువ్వెరుగుదువు, గోబీ తింటే బ్యాగు గాలితో బుగ్గలాగా ఉబ్బుతుంది. వచ్చేదారిలో వంకాయలకు ఆగాను. రుక్మాబాయి నా కడుపు వంక చూసింది, నా మొహం వంక చూసింది, చేతిలో తక్కెడ పక్కన పెట్టి, "కితవా మహినా?" అంది. ఎన్నో నెల అని! యాభై మూడేళ్ల దాన్ని నేను!

నేను నవ్వి వంకాయలు ఏరుకున్నాను. ఆ నవ్వే కొంప ముంచింది. మరుసటి రోజు మసీదు దగ్గర నలుగురు ముస్తఫాను వాటేసుకుని, "ఈ వయసులో అల్లా దయ!" అన్నారట. ఆయనకు విషయం అర్థం కాక, కొత్త వెల్డింగ్ మిషన్ కొన్న సంగతి అనుకుని, "అవునన్నా, చాలా రోజుల నుంచి కోషిష్ చేస్తున్న. మొత్తానికి అచ్చింది, మస్తు పనిచేస్తుంది" అని చెప్పి వచ్చిండు! ఇంటికొచ్చాక అసలు సంగతి తెలిసి గంటసేపు మంచం మీద కూర్చుండిపోయాడు. మా నదీం అయితే, "అమ్మీ, నాకు పెండ్లయి బిడ్డ పుట్టినంక తమ్ముడా?" అని పొట్ట పట్టుకుని నవ్వుతాడు. నాకు ఏ దిగులూ లేదు, నేను కూడా బాగా నవ్వాను.

అక్కా, మా ఖాలా కూతురు, నాకు చెల్లెలి వరస, సుమేరా నిన్నొక మాట అడగమంది. ఆమెకు నాలాగే బ్యాగు. దాన్ని తీసేసి, నీలాగా లోపల సంచి కుట్టించుకోవచ్చా? ట్యూబు పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందా? అప్పుడు నీకు చేసిన పెద్ద డాక్టరు ఇంకా చేస్తున్నాడా? చిన్నపిల్ల, తెలుసుకోవాలని ఉబలాటం. అంతే.

నీ చెల్లె
మాసూమా

*

నిజామాబాద్
జనవరి 6

మాసూమాకు,

ముస్తఫా వెల్డింగ్ మిషన్ సంగతి మూడుసార్లు చదివాను. నవ్వినప్పుడల్లా ప్యాడు మార్చుకోవాల్సి వస్తోంది... అంటే, దుమ్ముకు. ఇక్కడ దుమ్ము ఎక్కువ.

సుమేరాకు చెప్పు. ట్యూబుకు నొప్పేమీ ఉండదు, సూదిలోకి దారం ఎక్కించినట్టే. మన పెద్ద డాక్టరు రిటైరయ్యాడు. ఆయన శిష్యుడు అఖిలేష్ అని, అదే ఆసుపత్రిలో బుధవారాలు చూస్తాడట. ఈ ఆపరేషన్ చేసేవాళ్లు ఇప్పుడు తక్కువ. కానీ ఆ పిల్లను తొందరపడవద్దని చెప్పు. ఉన్న బ్యాగుతో హాయిగా ఉన్నప్పుడు ఎందుకు?

ఎందుకంటున్నానంటే, మన టీచరు పరిస్థితి ఏమీ బాగాలేదు. వాల్వ్ పక్కకు జారిందట. అందుకే ఒక పక్క కారుతుంది, ఇంకో పక్క ట్యూబు లోపలికి పోనంటుంది. మొన్న వాళ్ల వియ్యాలవారు వచ్చారు. కోడలు పుట్టగొడుగుల కూర చేసింది. తినకూడదని తెలిసీ, వాళ్ల ముందు వద్దనలేక తింది. ఇక చూడు, ముక్కలు ట్యూబుకు అడ్డం పడి ముప్పావు గంట బాత్రూంలోనే. బయట వియ్యంకుడు చేతులు కడుక్కోవడానికి నిలబడ్డాడు. మా ఆయన తలుపు కొట్టి, "సుమిత్రా, లోపట్నే ఉన్నవా, కిటికీలకెల్లి పోయినవా?" అని అరిచాడు. వాళ్లాయన అన్నమాట. ఆమె పేరు కూడా సుమిత్రే.

ఆ టీచరు అడిగేదేమిటంటే, బ్యాగు ఖాళీ చేయడానికి ఎంతసేపు పడుతుంది? ఎండాకాలం ఊడి వస్తుందా? వాసన? దాచకుండా రాయి. పాపం, ఆమె చాలా భయపడుతోంది.

సుమిత్ర

*

బోధన్
ఫిబ్రవరి 11

సుమిత్రక్కకు,

మీ సుమిత్ర టీచరు కథ ముస్తఫాకు చెప్పాను. ఆయన పానా కింద పెట్టి, కండ్లద్దాలు సరిచేసుకుని, పెద్ద డాక్టరులాగా చెప్పాడు. "గిది బోరుమోటరు ఫుట్ వాల్వ్ లెక్కనే. జారిందంటే నీళ్లు నిలువయి. దాన్ని మళ్ల బిగించొచ్చు, కొత్తది ఎయ్యొచ్చు, లేకుంటే మోటరే తీసేసి బకెట్‌తోటి తోడుకోవచ్చు. మూడిట్ల ఏది చేసినా నీళ్లయితే అస్తయి." ఆయన మాట రాయమన్నాడు, రాశాను.

ఖాళీ చేయడానికి రెండు నిమిషాలు. వాసన లేదు. ఎండాకాలం ఊడదు. మీ టీచరును నిశ్చింతగా ఉండమను.

మా సుమేరా గురించి కూడా కొంచెం చెప్పాలి. ఆ పిల్లకు ఇప్పుడు ఏ దావత్‌కూ పోబుద్ధి కావడం లేదు. లోపలి సంచి ఉంటే తన మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఆ పాప కాలు తగిలి బ్యాగు ఊడుతుందన్న భయం ఉండదు అంటుంది. చిన్నపిల్ల అన్నాను గదా, అంటే నాకంటే చిన్నది. మనవరాలు తొందరగా పుట్టింది.

వచ్చే నెల రెండో వారం మేమిద్దరం హైదరాబాద్ పోతున్నాం. మా మరిది ఇంట్లో పెళ్లి. అందుకని ఉత్తరం ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

మాసూమా

*

నిజామాబాద్
మార్చి 15

మాసూమాకు,

మూడు రోజులుగా నీ ఉత్తరం కోసం చూశాను. రాలేదు. అందుకే నేనే రాస్తున్నాను. బుధవారం నువ్వు చూసింది నీకు తెలుసు. నేను చూసింది నీకు చెప్పాలి.

డాక్టరు అఖిలేష్ గది ముందు కూర్చున్నాను. పక్కన మా రామస్వామి. కంటి డాక్టరు దగ్గరికని కోడలితో చెప్పి వచ్చాం. ఎదురుగా బురఖాలో ఒకామె, మొహం మీద నఖాబ్. నేను కూర్చోగానే ఆమె గోడ వైపు తిరిగి, మంచినీళ్లు ఎలా తాగాలో రాసిన బొమ్మను తెగ చదవడం మొదలుపెట్టింది. అంత చదవడానికి అందులో ఏముందా అనుకున్నాను. ఇంతలో నర్సు బయటికొచ్చి, నాలాంటి చెవిటిదానికే వినపడేంత గట్టిగా, "లోపలి సంచి కారుతున్న పేషెంటు సుమిత్రమ్మ ఎవరు?" అని అరిచింది. వరండా అంతా తిరిగి చూసింది. ఆ బురఖా కూడా.

అప్పుడే ముస్తఫా ఫైలు పట్టుకుని క్యాంటీన్ నుంచి వచ్చాడు. "అస్సలామాలేకుం టీచరమ్మా! మీ ఫుట్ వాల్వ్ ఎట్లున్నది?" అన్నాడు.

నువ్వు నఖాబ్ ఎత్తావు. "నువ్వు ఈడెందుకున్నవు అక్కా?" అన్నావు. "పెండ్లి ఏడ?" అన్నాను నేను. "మీ దోస్తు టీచరేది?" "మీ ఖాలా బిడ్డేది?" ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం పడి నవ్వాం. నా ప్యాడు తడిసింది, నీ బ్యాగు ఉబ్బింది. రామస్వామి, ముస్తఫా పెళ్లిలో తప్పిపోయిన పిల్లల్లాగా నిలబడ్డారు. ఈ పదహారేళ్లలో అంత నవ్వలేదు నేను.

తరువాత నేను లోపలికి పోయి వచ్చాను. నువ్వు పోయావు. ఎంతసేపో ఉన్నావు. బయటికొచ్చి, నఖాబ్ దించుకుని, నా వైపు చూడకుండా నడిచి వెళ్లిపోయావు. ముస్తఫా వెనక్కి తిరిగి చేయి ఊపాడు, అంతే. వెనకాల నేను పిలిచాను. నాకు చెవుడు గానీ నీకు లేదు గదా.

డాక్టరు ఏమన్నాడు మాసూమా?

సుమిత్ర

*

బోధన్
మార్చి 24

సుమిత్రమ్మ టీచరు గారికి,

మీరు అడిగారు గనుక చెప్తున్నాను. నా పాత రిపోర్టులన్నీ చూశాడు డాక్టరు. నాది మీలాంటి జబ్బు కాదట. పెద్దపేగుతో పోయే రకం కాదు, చిన్నపేగుకు కూడా ఎప్పుడైనా రాగల రకమట. అలాంటి పేగుతో సంచి కుట్టి, రేపు దానికే జబ్బు వస్తే సంచీ పోతుంది, అంత పేగూ పోతుంది. "అమ్మా, నేను కుట్టను. ఇంకెవరైనా కుడతామన్నా ఒప్పుకోకండి" అన్నాడు. మంచివాడే. కుర్చీలోంచి లేచి నీళ్లిచ్చాడు.

రుక్మాబాయి సంగతికి నేను నవ్వానని రాశాను. నవ్వలేదు. ఆ రోజు నుంచి మార్కెట్‌కు పోలేదు. బట్టలు కుట్టించుకునేవాళ్లనే ఇంటికి రమ్మంటున్నాను. మీ గుట్ట ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. మెట్లు ఎక్కుతున్నానని, గాలి తగులుతోందని రోజూ అనుకునేదాన్ని. ఆ ఉత్తరమే నన్ను హైదరాబాద్ తీసుకుపోయింది. అక్కడ చూస్తే మీ సంచి కారుతోంది. ఎప్పటి నుంచని నర్సును అడిగాను. ఏడాది నుంచని చెప్పింది.

ఏడాది నుంచి కారుతుంటే గుట్ట ఎలా ఎక్కారు టీచరు గారూ? నేను ఎక్కువ చదువుకోలేదు, ఏడో తరగతి. కానీ ఈ లెక్క నాకు కూడా వస్తుంది.

మాసూమా బేగం

*

నిజామాబాద్
మార్చి 28

చెల్లె మాసూమాకు,

నువ్వు "మీరు" అని రాసిన ప్రతిచోటా నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. తగలాల్సిందే.

గుట్ట ఎక్కలేదు. మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. కారు దిగి, కొబ్బరికాయ తీసుకుంటుండగానే కారింది. ఆకుపచ్చ పట్టుచీర, ముందుభాగమంతా. జనం మధ్యలో కొబ్బరికాయను కడుపుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. రామస్వామి చూశాడు. తన పైకండువా నా నడుముకు చుట్టి, కారు దాకా ముందు నడుస్తూ, "జరగండి, జరగండి, రైట్ రైట్" అని బస్సులో అన్నట్టే అరుస్తూ దారి చేశాడు. కారులో ఆయన మారుబట్టల సంచీలో ఉన్న లుంగీ కట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను, మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఆయన ఒక్కడే పైకి పోయి వచ్చాడు. వచ్చి కూర్చుని, "పైన మస్తు గాలున్నది సుమిత్రా. మబ్బులు గింత దగ్గరున్నయి" అని మొత్తం చెప్పాడు, నేను ఎక్కానన్నట్టే. నీకు రాసింది ఆయన చెప్పిన గుట్ట.

ఎందుకు రాశానో చెప్తాను. బ్యాగు పడుతుందని మొదట్లో చెప్పినప్పుడు నేను చచ్చిపోతానన్నాను. ముప్పైమంది పిల్లల ముందు నిలబడి లెక్కలు చెప్పాలి, వాళ్లలో ఒక్కడు ముక్కు మూసుకున్నా ఇక బడికి పోలేననుకున్నాను. లోపలి సంచి వచ్చి నన్ను ఇంకో పదమూడేళ్లు నల్లబల్ల ముందు నిలబెట్టింది. అందుకే దాని గొప్ప చెప్పుకున్నాను. పక్కమంచం మీద నీకు దక్కనిది నాకు దక్కిందని కూడా చెప్పుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అది చెడిపోయిందని నీకు చెప్పడానికి ఇంకా సిగ్గేసింది.

నా అబద్ధం నిన్ను అంత దూరం నడిపిస్తుందని తెలిసి ఉంటే రాసేదాన్ని కాదు. క్షమించమని అడగను, నీకు తోచినప్పుడు తిట్టు. కానీ "నువ్వు" అని తిట్టు.

సుమిత్ర

*

బోధన్
ఏప్రిల్ 19

అక్కా,

నువ్వు. నువ్వు. నువ్వు. సరిపోయిందా?

పండుగకు ముందే రాసి ఉండాల్సింది, కోపం తీరలేదు. ఈద్ రోజు షీర్ ఖుర్మా చేస్తూ మీ రామస్వామి అన్న "రైట్ రైట్" గుర్తొచ్చి గరిటె పట్టుకుని నవ్వాను. ముస్తఫా అడిగితే చెప్పాను. ఆయన నవ్వలేదు. "గా అన్న మంచోడు" అని బయటికి పోయిండు.

ఇప్పుడు నిజాలు రాస్తాను, ఇన్నేళ్లలో మొదటిసారి. ఏప్రిల్ మేలో చెమటకు బ్యాగు అంచు ఊడి వస్తుంది. ఊడితే చర్మం కారం రాసినట్టు మండుతుంది. నవాబు బేగంలాగా పడుకోను. బోర్లా పడుకోక పదహారేళ్లయింది. గోబీ, చిక్కుడు తింటే ఉబ్బుతుంది. ఈ బ్యాగుతో నమాజు చెల్లుతుందో లేదోనని మొదట్లో చాలా భయపడ్డాను. మౌల్వీ సాబ్‌ను అడిగిస్తే, "నువ్వు మాజూర్‌వి బిడ్డా, జబ్బు వల్ల మినహాయింపు ఉన్నదానివి, ప్రతి నమాజుకు కొత్తగా చేతులు కాళ్లు కడుక్కుని వజు చేసుకో, మిగతాది అల్లాకు తెలుసు" అన్నాడు. ఆ మాటకు ఏడ్చాను.

రెండు నిమిషాల మాట మాత్రం నిజం. నీ ట్యూబులాగా గడియారం చూసుకునే పని నాకు లేదు, అదీ నిజం. లోపల ఏదో చెడిపోతుందన్న భయం లేదు. ఊడితే ఇంకోటి అతికిస్తాను. నీకు ఏది మంచిదో నేను చెప్పను అక్కా. చెప్పగలిగేంత నమ్మకం ఇప్పుడు నాకే లేదు. నీ దగ్గర మూడు దారులున్నాయి, నాకు ఒకటే. ఆ కుళ్లు నాలో కొంచెం ఉంది, అదీ రాసేస్తున్నాను.

ఇంకో సంగతి. నిన్న మార్కెట్‌కు పోయాను. రుక్మాబాయి, "బిడ్డ ఏమయింది?" అని మెల్లగా అడిగింది, పోయిందనుకుని. నేను ఆమెను కొట్టు వెనక్కి తీసుకుపోయి, కుర్తా పక్కకు జరిపి చూపించాను. "గిదే బిడ్డ" అన్నాను. చాలాసేపు చూసింది. ఆ తర్వాత నెత్తిన చెయ్యి పెట్టుకుని కింద కూర్చుంది. వాళ్ల మరిదికి ఆరేళ్లుగా ఇదే ఉందట! సొంత భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదట, ఉబ్బినప్పుడల్లా రుక్మాబాయి ఆయన తాగుబోతయ్యాడని తిట్టేదట. రేపు ఆయనను నా దగ్గరికి తీసుకొస్తానంది. వంకాయలు ఊరికే ఇచ్చింది, నేనే వద్దన్నాను. ఈ వారం ఆమె నోటిపుణ్యమా అని మొత్తం మార్కెట్‌కు తెలిసిపోతుంది. తెలియనీ.

నీ చెల్లె

*

నిజామాబాద్
జూలై 2

మాసూమాకు,

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయి వచ్చాను. ఈసారి కోడలు సుమనకు అసలు సంగతి చెప్పే పోయాను. ఆమె, "అత్తమ్మా, బాత్రూంల గంటసేపు ఉంటె నాకు తెల్వదా? నేను కావాలనే ఇంకో బాత్రూం కట్టియ్యమని ఆయన పానం తీస్తున్న" అంది. ఇంట్లో నాకొక్కదానికే తెలియదన్నమాట, అందరికీ తెలుసని.

అఖిలేష్ బొమ్మ గీసి చెప్పాడు. జారిన వాల్వ్‌ను మళ్లీ నిలబెట్టవచ్చు. కొందరికి నిలుస్తుంది, కొందరికి మళ్లీ జారుతుంది, నాకేదో ముందే చెప్పలేనన్నాడు. సంచి మొత్తం తీసి కొత్తది కుట్టవచ్చు, అది పెద్ద ఆపరేషన్, ఇంకా పేగు పోతుంది. లేదా సంచి తీసేసి బ్యాగు పెట్టవచ్చు. అందులోనూ పాత సంచి మేరకు పేగు పోతుంది, నీళ్లు ఉప్పు ఎక్కువ తాగుతూ ఉండాలి. "మీ అమ్మ అయితే ఏం చేస్తవు నాయనా?" అన్నాను. "మా అమ్మ నా మాట వినదు మేడం" అన్నాడు.

నెల రోజులు ఆలోచించాను. లెక్కల టీచర్ని గదా, ఒక కాగితం మీద అటూ ఇటూ రాసుకున్నాను. ఎన్నిసార్లు రాసినా రెండు పక్కలూ సమానంగా వచ్చాయి. చివరికి రామస్వామి ఆ కాగితం తీసుకుని, "నీకు ఏం చెయ్యబుద్ధయితుంది? గిదంతా గాదు" అన్నాడు. నాకు వెంటనే నోట్లోంచి వచ్చింది, "బయటికి పోబుద్ధయితుంది" అని. ఎక్కడికని కూడా కాదు. ఊరికే బయటికి.

బ్యాగు పెట్టించుకుంటున్నాను. వాల్వ్ మీద ఇంకోసారి పందెం కాసి, ఇంకో ఏడాది తలుపు చాటున నిలబడే ఓపిక నాకు లేదు. లోపలి సంచిని తిట్టుకుంటూ పంపడం లేదు. అది చేయాల్సింది చేసింది. ఇంకొకరికి ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు బాగా ఉంటుందట, వాళ్లకు ఉండనీ.

ఆగస్టు ఇరవై ఒకటిన ఆపరేషన్. నిన్ను రమ్మని అడగడానికి నాకు మొహం లేదు. అడుగుతున్నాను.

అక్క

*

బోధన్
సెప్టెంబర్ 6

సుమిత్రక్కకు,

ఇంటికి క్షేమంగా చేరాను. పదకొండు రోజులు నీ మంచం పక్కన కూర్చుని వచ్చేసరికి ఇక్కడ కుట్టాల్సిన బట్టలు గుట్టలయ్యాయి.

గుట్ట అంటే కోపగించుకోకు.

మొదటిసారి బ్యాగు మార్చినప్పుడు నువ్వు కండ్లు మూసుకున్నావు చూడు, అప్పుడు నాకు భయమేసింది. మూడోరోజు నీ అంతట నువ్వే అతికించుకుని, అడుగున క్లిప్పు పెట్టడం మరిచిపోయి, సరిగ్గా అఖిలేష్ రౌండ్‌కు వచ్చినప్పుడు లేచి నిలబడ్డావు. ఆయన బూట్లు! నువ్వు ఏడుస్తావనుకున్నాను. నువ్వేమో నల్లబల్ల ముందు నిలబడినట్టు నిలబడి, "బాబూ, లెక్కల తప్పు పోయింది, మళ్ల చేస్త" అన్నావు. ఆయన బూట్లు విప్పి, సాక్సులతోనే మిగతా వార్డంతా చూసి వచ్చాడు. ముస్తఫాకు చెప్తే ఇప్పటికీ నమ్మడం లేదు.

రుక్మాబాయి మరిది వారానికోసారి వస్తున్నాడు. ఆయనకు కొలత తప్పు బ్యాగు ఇచ్చారు, ఆరేళ్లు అలాగే మండించుకున్నాడు పాపం. కత్తిరించడం నేర్పాను. నా కత్తెర చేయి గదా.

నీళ్లలో ఉప్పు, చక్కెర కలుపుకుని తాగుతున్నావా? తాగడం లేదని సుమన ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు నా మనిషి నీ ఇంట్లోనే ఉంది, జాగ్రత్త.

మాసూమా

*

నిజామాబాద్
ఫిబ్రవరి 17

మాసూమాకు,

నిన్న జరిగింది నీకే మొదట చెప్తున్నాను. ఇంట్లో చెప్తే తిడతారు.

ఆర్మూర్‌లో మా మేనకోడలు ఇంటికని ఒక్కదాన్నే బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కొంచెం ఎండ, కొంచెం గాలి. కండ్లు మూశానో లేదో, తెరిచేసరికి ఎవరో భుజం తట్టి, "అవ్వా, దిగవా? గిదే ఆఖరు" అంటున్నారు. చూస్తే ఏర్గట్ల. ఆర్మూర్ ఎప్పుడో దాటిపోయింది. రెండు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయానన్నమాట, బస్సులో, పగటిపూట, అంతమందిలో.

తిరుగు బస్సు గంటన్నరకు గానీ లేదన్నారు. ఊరంతా పసుపు ఉడుకుతున్న వాసన. రోడ్డు పక్కనే కళ్లంలో ఒక అమ్మాయి ఉడికిన కొమ్ములు ఆరబోస్తోంది, సుష్మ అట పేరు. బ్యాగు నిండినట్టు తెలుస్తోంది. "బిడ్డా, బాత్రూం ఉన్నదా?" అన్నాను. తల ఎత్తకుండానే చేయి చూపించింది. పోయాను, ఖాళీ చేసుకున్నాను, క్లిప్పు పెట్టుకున్నాను, రెండుసార్లు చూసుకున్నాను, చేతులు కడుక్కుని వచ్చాను. నేను వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా అదే గంపలో కొమ్ములు పరుస్తోంది. నేను పోయిందీ తెలియదు, వచ్చిందీ తెలియదు.

మంచం వేసి కూర్చోమంది. చాయ్ పెట్టింది. పసుపు ధర ఎట్లుందో, వాళ్ల చిన్నోడికి లెక్కలు ఎందుకు రావో చెప్పింది. వాణ్ని పిలిచి కూడికలు చేయించాను. బాగానే వస్తున్నాయి, బెదిరిస్తే తప్పులు పోతున్నాడు, అంతే. ఎండ కళ్లం మీది నుంచి మెల్లగా జరిగిపోతోంది. ఒక బస్సు వచ్చి, హారన్ కొట్టి, పోయింది.

సుష్మ చేతులు దులుపుకుంటూ, "అవ్వా, గది నీ బస్సే గదా? పోయింది సూడు. ఇంట్ల ఎన్నింటికల్లా ఉండాలె నువ్వు?" అంది.

"నాకు గీ టైమని ఏం లేదు బిడ్డా" అన్నాను. "ఇంకో కప్పు చాయ్ పొయ్యి."

నీ అక్క
సుమిత్ర